అహ్మదిలో చైనా దెయ్యం

అహ్మదిలో ఆ ఇంజినీరు బంగళా పేరెత్తితేనే హడల్. మనోళ్ళకే కాదు నాయనా... కువైట్‌ను మింగడానికి తుపాకులు పట్టుకొనొచ్చిన ఇరాక్ సిపాయిలకు కూడా! చుట్టుపక్కల ఇండ్లన్నీ ఊడ్చుకొని పోయినారు గానీ ఆ గడప తొక్కలేదు. పొద్దు గూకితే మేడ మీద ఎర్రమొగం దెయ్యం తిరుగుతుందంట... చైనా దెయ్యమంట!

ఆ ఇంటోళ్ళకు చైనా అంటే పిచ్చి. ఎండాకాలం వస్తే చాలు — బీజింగ్‌లో రాజుల కోటంట, షియాన్‌లో మట్టి సైన్యమంట, గ్విలిన్ కొండలంట, చూడబోతారు. ఈసారీ పోయినారు. వెనకాలే యుద్ధం వచ్చి పడె. ఇంట్లో మిగిలింది పనిమనిషి సంజీవమ్మ ఒక్కతే.

ఆమె తమ్ముడు నరసింహులు అల్ రాయ్‌లో మెకానిక్కు. ఫోన్లు పోయినప్పట్నుంచి అక్క ఉందో పోయిందో తెలీదు. తెల్లారితే జోర్డాన్‌కు బస్సు. మళ్ళీ బస్సుంటుందని నమ్మకమేముంది? అక్కను తీసుకొనే పోవాలని, గుండె చిక్కబట్టుకొని మునిమాపు వేళ ఆ ఇంట్లోకి దూరినాడు.

కరెంటు లేదు. అగ్గిపుల్ల గీసినాడు. గోడ నిండా ఫోటోలు — కొండల మీద పాకే పెద్దగోడ, నది ఒడ్డున మొనదేలిన కొండలు, బారులు తీరిన మట్టి సిపాయిలు. అందరూ తననే చూస్తున్నట్టుంది.

పైన... గల్లుమని గంట.

తలెత్తినాడు. మెట్ల మీద — ఎర్రటి మొగం, నల్లటి కనుబొమ్మలు, కాళ్ళదాకా జీరాడే పట్టు అంగీ! అగ్గిపుల్ల చెయ్యి కాల్చి ఆరిపోయింది.

చీకట్లో, కుండలోంచి వచ్చినట్టు గొంతు... "నరసింహులూ..."

సచ్చినాన్రా దేవుడా! చీకటి పడినాక దెయ్యం పేరు పెట్టి పిలుస్తుంది, పలికినావో ప్రాణం పట్టుకపోతుంది — వాళ్ళ జేజి చిన్నప్పట్నుంచి నూరిపోసిన మాట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరే... నరసింహులూ..." మెట్లు దిగుతాంది. అక్కను మింగి, అక్క మాటతోనే పిలుస్తాంది!

పలకలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఒకటే పరుగు...

మరుసటి రోజు బస్సులో పక్క సీటు బిస్మిల్లా బీది. రాయచోటి మనిషి, ఆ బంగళా పక్కింట్లోనే వంట చేసేది. నరసింహులు ఏడ్చుకుంటా, అక్కను దెయ్యం మింగిందని చెప్పినాడు. ఆమె నెత్తి కొట్టుకునింది.

"అయ్యో పిచ్చోడా, దెయ్యమేంది! ఒంటరి ఆడదాన్ని సిపాయిలు బతకనిస్తారా? వాళ్ళ మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, చైనా నుంచి తెచ్చుకున్న నాటకాల మొగం తగిలించుకొని, మీ అక్కే వాళ్ళను బెదరగొట్టేది. నిన్న నాతో రమ్మంటే కూడా రాలేదు... 'మా తమ్ముడొస్తాడు, వాడితోనే పోతా' అనె!"

నరసింహులు లేచి, బస్సు ఆపమని అరిచినాడు. బాస్రా ఎప్పుడో దాటేసినారు. ఎవరూ ఆపలేదు.

కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ ఎడారికేసి గొంతు చించుకొని అప్పుడు పలికినాడు...

"ఓ... అక్కా!"