బిళ్ళగన్నేరుకు నూరు కుండలు

రత్నశైలం కోట తోటలో మంజరి కలుపు తీస్తూ ఉండగా, వేటగాడు సింగన్న వగరుస్తూ పరుగెత్తుకొచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

"తెలిసిపోయిందమ్మా! ఆ ఉగ్రకేశుడి ప్రాణం ఎక్కడుందో తెలిసిపోయింది! వాడి మేడ వెనక తోటలో, బిళ్ళగన్నేరు మొక్కలో! వాడు తన గుడ్లగూబతో గొప్పలు చెప్పుకుంటుంటే పొదలో దాక్కుని విన్నాను."

ఏడాదిగా మంజరి ఎదురుచూస్తున్న కబురు అదే. సింగన్న చేతులు పట్టుకుని ఆమె గిరగిర తిరిగేసింది.

మాంత్రికుడు ఉగ్రకేశుడికి తోటలంటే మహా మోజు. కాని తోటపని బొత్తిగా రాదు. అందుకని, రాచతోటను చూసే మంజరి తండ్రి నరసన్నను తన దగ్గర పనికి రమ్మన్నాడు. నరసన్న రానన్నాడు. మాంత్రికుడు మండిపడితే, యువరాజు విజయధ్వజుడు కత్తి దూసి అడ్డం నిలిచాడు. మరుక్షణం ఇద్దరూ రాళ్ళైపోయారు. మంజరి మనసిచ్చింది ఆ యువరాజుకే. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆ రెండు రాళ్ళ మీది దుమ్ము తుడిచి, "వాడి ప్రాణం నేనే తీస్తాను" అని మాట ఇచ్చేది.

ఆ మధ్యాహ్నమే ఆమె అడవిలోకి బయలుదేరింది. మూడు కొండలు దాటాక, ఒక గుహలో జటాధారి అయిన ముని కనిపించాడు. మంజరి నమస్కరించి సంగతంతా చెప్పింది.

"ఆ మొక్కను వేళ్ళతో సహా పీకేస్తాను స్వామీ!"

"తొందరపడకు తల్లీ. దాని మీద కత్తి ఎత్తినా, నిప్పు పెట్టినా, ఆ చెయ్యి అక్కడికక్కడే రాయైపోతుంది. అది తనంతట తానే చావాలి."

"దాన్ని చావమని ఎలా చెప్పను?"

"నేను తపస్సు చేసుకునేవాణ్ణి. మొక్కల సంగతి నాకేం తెలుసు? మీ నాన్న నేర్పింది గుర్తు తెచ్చుకో."

చిన్నప్పుడు మంజరి ముద్దుకొద్దీ ఒక బిళ్ళగన్నేరుకు పూటపూటా నీళ్ళు పోసి చంపేసింది. "ఎంత ఎండనైనా ఓర్చుకుంటుందమ్మా, తడిలో మాత్రం నిలవలేదు" అన్నాడప్పుడు నాన్న. అది తలుచుకుని మంజరి పకపకా నవ్వింది.

మాంత్రికుడి మేడ వాకిట తాటిచెట్టంత రాక్షసుడు కాపలా ఉన్నాడు.

"ఏయ్ పిల్లా! మూటలో ఏముంది? కత్తా? విషమా?"

"కుండ ఉంది మామా. తోటపనికి వచ్చాను."

"అబ్బో, వరసలు కూడానా!" అని రాక్షసుడు పళ్ళికిలించి దారి వదిలాడు. తోటమాలి దొరికిందని విని ఉగ్రకేశుడు పొంగిపోయాడు. "తోటంతా నీదే. ఒక్క మొక్క వాడినా నిన్ను రాయిని చేస్తాను" అన్నాడు.

తోటలో అడుగుపెట్టిన మంజరి గుండె జారిపోయింది. మాయవల్ల అక్కడి వేయి మొక్కలకూ ఒకేలాంటి అయిదు రేకుల గులాబిరంగు పూలున్నాయి! అయితే మాయ పూల వరకే. ఆకుల జోలికి పోలేదు. ఆమె పూలు చూడటం మానేసి ఆకులు పట్టి చూసింది. కణుపుకు మూడేసి కోలాకులున్నవి గన్నేర్లు; వదిలేసింది. సాయంత్రానికి ఒక మూల మోకాలెత్తు మొక్క దొరికింది. కణుపుకు ఎదురెదురుగా రెండేసి ఆకులు, నున్నగా మెరుస్తూ, నడుమ తెల్లని ఈనెతో. కొమ్మల మధ్య పుల్లల్లాంటి సన్నని జంటకాయలు. బిళ్ళగన్నేరే!

మంజరి జిగురుమట్టితో దాని చుట్టూ లోతుగా పాదు కట్టింది. కుండ తరువాత కుండ తెచ్చి నింపింది. నీళ్ళు పోసే చేతిని ఏ మంత్రం మాత్రం తప్పుపడుతుంది?

అయిదో రోజుకు ఆకులు పసుపెక్కి తలలు వాల్చాయి. ఉగ్రకేశుడు గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

"ఒళ్ళు తూలిపోతోందే! మొక్క దాహంతో వాడిపోతోంది, నీకు కళ్ళు లేవా? నీళ్ళు పొయ్యి!"

"ఎన్ని పొయ్యమంటారు దొరా?"

"వంద కుండలు పొయ్యి!"

"చిత్తం!" మంజరి ఒక్కటి కూడా తగ్గించలేదు. ప్రతి కుండా తండ్రిని తలుచుకునే వంచింది.

ఏడో రోజుకు కాండం మెత్తబడి మొక్క పక్కకు ఒరిగింది. ఉగ్రకేశుడు అక్కడే కుప్పకూలాడు.

"ఎవరే నువ్వు?"

"నువ్వు రాయిని చేసిన నరసన్న కూతుర్ని."

"నన్ను చంపేశావు!"

"నేనా? నువ్వు పొయ్యమన్నావు, నేను పోశాను. ఇంకో కుండ తేనా దొరా?"

మాంత్రికుడు బూడిదైపోయాడు. మంజరి ఆ బూడిద మీద కూడా ఒక కుండ కుమ్మరించి, వెనక్కి చూడకుండా నడిచింది.

ఆమె రత్నశైలం చేరేసరికి నరసన్న, విజయధ్వజుడు మళ్ళీ మనుషులై కోటవాకిట నిలబడి ఉన్నారు. తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఆమె తనివితీరా ఏడ్చింది. రాజుగారు అక్కడికక్కడే పెళ్ళి ఖాయం చేశారు.

"వాడు చచ్చాడు కదా, నీ కోపం చల్లారిందా?" అని యువరాజు నవ్వుతూ అడిగాడు.

"సగమే! రేపు పొద్దున ముహూర్తం. తాళి కట్టగానే అందరూ గునపాలు పట్టండి. వాడి మేడ పడగొట్టి, ఆ రాళ్ళతో ఎండ పడేచోట నీళ్ళు నిలవని మిట్ట కట్టి, దాని నిండా బిళ్ళగన్నేరు నాటుదాం!" అంది మంజరి.