అత్త మాట, కోడలి నోట

“ఉన్నదున్నట్టు చెప్పాలమ్మా! ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. సరేనా?”

లాయరు అంబిగ అరవంలో గట్టిగా చెప్పింది. యోగేశ్వరి తలూపింది. మలేసియాలోని సుంగై పెటాని బజారులో మేడమీది ఆఫీసది. ఏసీ చలికి పక్క కుర్చీలో అత్త మరిడమ్మ గజగజ వణుకుతుంటే, తన చున్నీ తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

పక్షవాతం తగిలి లేచాక మరిడమ్మకి మలాయి భాష పోయింది, అరవం పోయింది. రబ్బరు తోటలో అమ్మ ఒడిలో నేర్చిన తెలుగొక్కటే నాలుక మీద మిగిలింది. మతి కూడా ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండటం లేదు. అది పూర్తిగా పోతే ఆవిడ సంతకానికి విలువుండదు, కోర్టుకెక్కాల్సి వస్తుందని ఎవరో చెబితే, పెద్దకొడుకు రవిచంద్రన్ కౌలాలంపూర్ నుంచి ఆఘమేఘాల మీద దిగాడు. ఇల్లూ, బ్యాంకూ, ఆస్పత్రీ చూసే అధికారం రాయించుకోవాలట! దిగాడు సరే... అరవంలోనే పెరిగినవాడికి అమ్మ ఏమంటోందో ఒక్క ముక్క అర్థమైతేగా! పైగా లాయరుకీ తెలుగు రాదు. ఇంక మిగిలిందెవరు? అరవలింట పుట్టి ఈ ఇంట మెట్టిన యోగేశ్వరి!

పెళ్ళైన కొత్తలో “అరవదాని సేతి నీళ్ళు ముట్టను” అని మరిడమ్మ మొహం తిప్పుకుంది. వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ తిట్లు విని విని యోగేశ్వరి తెలుగు నేర్చుకుంది. తిట్లతోనే నేర్చుకుంది, పిచ్చితల్లి! భర్త మోహన్ ఫ్యాక్టరీ నుంచి మోటారుసైకిల్ మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాక, పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమని ఎంత బతిమాలినా కదల్లేదు. ఈ ముసలామెకి ఇంకెవరున్నారు? స్నానం చేయించింది, ముద్దలు కలిపి పెట్టింది, మంచం మీదే అన్నీ అయినప్పుడు ముక్కు మూసుకోకుండా ఎత్తిపోసింది. ఆ రుణం ఈ రోజైనా అత్త నోట ఒక్క మాటగా వస్తుందేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ... తప్పా అది?

“ఒకర్నైనా పెట్టుకోవచ్చు, ఇద్దర్నైనా పెట్టుకోవచ్చని చెప్పండి” అంది అంబిగ.

ఇద్దర్నైనా! అంటే కొడుకు పేరు పక్కన తన పేరూ ఉండొచ్చు! యోగేశ్వరి అత్త చెయ్యి పట్టుకుంది.

“అత్తా! ఇకమీదట నీ ఇల్లు, నీ బ్యాంకు, నీ ఆస్పత్రి... ఎవలు సూడాల? ఒకలి పేరు సెప్పొచ్చు, ఇద్దరి పేర్లు సెప్పొచ్చు.”

“అదేటే అలాగడుగుతావు?” మరిడమ్మ చెయ్యి విదిలించుకుంది. “నా కడుపున పుట్టినోడు ఎదురుగా కూకున్నాడు గదా! ఇంకొకలెందుకు? నువ్వెంత సేసినా అరవదానివే. నీ సేతికిస్తే రేపు ఇల్లట్టుకెళ్ళి నీ తమ్ముళ్ళకి ఒప్పజెప్పేస్తావు!”

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ఒక్క యోగేశ్వరికే!

“ఏమంటున్నారు?” అంబిగ కలం పట్టుకుని చూస్తోంది. “అమ్మ ఏమంది?” అని అరవంలో అడుగుతూ రవిచంద్రన్ ముందుకు వంగాడు.

‘ఇద్దరి పేర్లూ చెప్పింది’ అంటే చాలు. కాదనేవాళ్ళెవరు? కానీ ఆ ముసలామెకి మిగిలిన నోరు తనే... ఆ నోరే అబద్ధమాడితే ఆమెకింకేం మిగులుతుంది? యోగేశ్వరి కళ్ళనీళ్ళు దిగమింగుకుని ఒక్క మాటా మింగకుండా చెప్పింది. “కొడుకు ఒక్కడేనట. నేనెంత చేసినా అరవదాన్నేనట. నాకిస్తే ఇల్లు నా తమ్ముళ్ళకిచ్చేస్తానట.”

అంబిగ ఆమె వంక ఒకసారి చూసి, ఒక్క పేరే రాసుకుంది. రవిచంద్రన్ మాత్రం హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆ అధికారంతోనే అతను ఇల్లు అమ్మేశాడు. తల్లిని ఎక్కడో వృద్ధుల ఆశ్రమంలో చేర్చాడు. “నేను చూసుకుంటాను బావగారూ, అద్దెగది తీసుకునైనా నా దగ్గరే పెట్టుకుంటాను!” అని యోగేశ్వరి కాళ్ళావేళ్ళా పడితే, “అమ్మ నా పేరే కదా చెప్పింది! ఆ మాట నువ్వే చెప్పావు” అన్నాడు. ఆమె అద్దెగదిలో ఒంటరిగా సర్దుకుంది. ఆశ్రమం అడ్రసు కూడా ఇవ్వలేదా మహానుభావుడు!

ఒకరోజు ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది. “పాటి... మరిడమ్మవ్వ ఏదో అడుగుతూ ఏడుస్తోందక్కా, మాకెవరికీ తెలుగు రాదు. భాష తెలిసిన మనిషని వాళ్ళబ్బాయి మీ నంబరిచ్చారు.”

భాష తెలిసిన మనిషి! కోడలు అనడానికి కూడా అతనికి నోరు రాలేదు!

పరుగున వెళ్ళింది. మరిడమ్మ తడిసిన చీరలో ముడుచుకుని ఉంది. “ఒంటేలుకెల్లాల... ఒంటేలుకెల్లాల...” అని గొణుగుతోంది. ఎన్నాళ్ళుగా అడుగుతోందో! అర్థం కాక ఎంతమంది కసురుకున్నారో! యోగేశ్వరి బావురుమంటూనే ఆమెను లేపి తీసుకెళ్ళింది, గోరువెచ్చని నీళ్ళు పోసింది, పొడి చీర చుట్టి తల దువ్వింది.

మరిడమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. “నువ్వెవల పిల్లవే అమ్మా? మన మాట సక్కగా ఆడతన్నావు!”

యోగేశ్వరి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

“నాకూ ఉన్నాదొక కోడలు. మంచిదేలే... కానీ అరవది. నీలాటి మనోళ్ళ పిల్లయితే ఆ లాయరమ్మ కాడ నీ పేరే సెప్పుందును. నీ సేతిలోనే పోదును...”

యోగేశ్వరికి ‘నేనే అత్తా!’ అని అరవాలనిపించింది. అని ఏం లాభం? ఆ కళ్ళలో ఇప్పుడున్న ప్రేమ కాస్తా పోతుంది.

గుమ్మంలో నిలబడిన ఆయా షామిని అడిగింది. “పాటి ఏమంటోందక్కా?”

ఈసారి మాత్రం యోగేశ్వరి ఉన్నదున్నట్టు చెప్పలేదు.

“తన కోడలు మంచిదంటోంది.”

“అవునా?” షామిని మూతి విరిచింది. “మంచిదైతే ఒక్కసారైనా వచ్చి చూడదేం?”

యోగేశ్వరి తలొంచుకుని, తడిచీర తీసుకుని పిండటానికి కొళాయి దగ్గరికి వెళ్ళింది.