మట్టి డాక్టరమ్మ రెండో విజిట్

"మీరు నిలబడ్డది ట్యాంకు మీద. కాస్త పక్కకి జరుగుతారా?"

ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అదీ. సినిమాల్లో అయితే ఇలాంటప్పుడు పుస్తకాలు కిందపడతాయి. ఇక్కడ అతనే జరగాల్సొచ్చింది.

"ట్యాంకు తీసేసి చాలా ఏళ్లయిందటండీ."

"ట్యాంకు పోతుంది. అది కార్చింది మట్టిలోనే ఉంటుంది."

ఆ స్థలం ఒకప్పుడు పెట్రోలు బంకు. చవగ్గా వస్తోందని అతని నాన్న కొనేశాడు. చవగ్గా ఎందుకొస్తోందని అడగడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. ఇప్పుడు మట్టి శుభ్రంగా ఉందని రిపోర్టు వస్తేనే ఇల్లు కట్టుకోనిస్తారు. లేదంటే ఆయన రిటైర్మెంట్ అంతా ఖాళీ స్థలానికి కాపలాయే. అమ్మ మాత్రం అప్పటికే కర్టెన్లు కొనేసింది.

అందుకే మట్టి పరీక్షకొచ్చిన అమ్మాయికి 'మట్టి డాక్టరమ్మ' అని పేరు పెట్టి, ఎండ తగలకుండా గొడుగు కూడా పట్టారు.

గొట్టం దింపి మట్టి తీస్తుంటే చీమలు ఆమె పాదాలు కుట్టేశాయి. ఒంటికాలి మీద గెంతుతూనే సీసాలకి లేబుళ్లు అంటించింది. అతను ఆ గెంతులకే పడిపోయాడు.

"నవ్వుతున్నారా?"

"లేదండీ, బాధపడుతున్నా."

"పళ్లన్నీ బయటపెట్టి బాధపడతారా మీరు?"

ఆ మట్టి శుభ్రమేనని తేలింది. ఒక్క మూల మిగిలిందని ఆమె మళ్లీ వచ్చింది. వాసన పట్టే మిషన్ నేల దగ్గర పెట్టగానే అది పసిపిల్లలా ఏడుపందుకుంది.

నాన్న ఇటుకల మీద కూలబడ్డాడు. "అయిపోయింది."

"కొట్టువాడు కర్టెన్లు వెనక్కి తీసుకుంటాడో లేదో," అంది అమ్మ.

ఆమె ఇంకా లోతునుంచి మట్టి తీసింది. మిషన్ నోరు మూసుకుంది.

"విచిత్రంగా ఉందే! ట్యాంకు కారితే లోతున ఉండాలి. ఇది పైనే ఉంది. పైగా పెట్రోలు కాదు, కిరసనాయిలు. ఎవరో ఈమధ్యే పోశారు."

"పక్కింటాయనే!" నాన్న లేచాడు. "మనం ఇల్లు కడితే వాడి కళ్లు మండవూ? ఇప్పుడే అడుగుతా."

పక్కింటి గేటు గడియ మీద చెయ్యి కూడా వేశాడు.

"నాన్నా! నేనే పోశాను."

"ఎందుకురా?"

"చీమలకి."

"చీమలు నిన్నేం చేశాయిరా?"

"నన్నేం చేయలేదు."

అమ్మ డాక్టరమ్మ పాదాల వంక చూసింది. కొడుకు ఎర్రబడ్డ చెవుల వంక చూసింది.

"ఏవండీ, ఆ చివర కొలతలు చూద్దాం రండి."

"పోయిన వారమే చూశాంగా!"

"మళ్లీ చూద్దాం!"

వాళ్లటు వెళ్లగానే ఆమె పెన్ను తీసింది. "రిపోర్టులో కారణం రాయాలి."

"చీమలని రాయండి."

"అసలు కారణం."

"మీరంటే ఇష్టమని."

పెన్ను ఆగిపోయింది. "దానికి కాలమ్ లేదే."

"పక్కన ఖాళీ ఉంది కదండీ."

ఆమె పెదవి కొరుక్కుంది. అయినా నవ్వు ఆగలేదు.

కొలతలు పూర్తికాకుండానే నాన్న తిరిగొచ్చేశాడు. "నిజం చెప్పమ్మా. ఆశ ఉందా?"

ఆమె అతని వైపే చూస్తూ చెప్పింది. "లోపలంతా శుభ్రంగానే ఉందండీ. పైపైనే కాస్త పాడైంది. జానెడు గీకేస్తే బాగుపడుతుంది. దగ్గరుండి నేను చూసుకుంటా."

"హమ్మయ్య! స్థలం గురించేగా?"

"దాని గురించి కూడానండీ."