తొమ్మిది తప్పిన యూజర్

ఏసీ ఫిల్టర్ ఊడదీసేసరికి ఏడాది దుమ్మంతా కింద కూర్చున్నావిడ నెత్తిన పడింది. ఒక ఆడమనిషి మీద నా చేతులతో నేను కురిపించిన మొదటి వాన అదే.

యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌కి నేను ఏసీ మెకానిక్‌ని. అక్కడ కంప్యూటర్లకి వేడి తగలకూడదు. మనుషులు ఉడికిపోయినా ఫర్వాలేదు.

ఆవిడ లేచి, కళ్లజోడు తుడుచుకుని పైకి చూసింది.

"ఏవండీ, కింద మనుషులున్నారని కనబడదా?"

"ల్యాబ్ ఖాళీ చేయమని చెప్పాం కదండీ. ఇంతకీ మీరు మేడమా, స్టూడెంటా?"

అడగకూడని ప్రశ్న. ఆవిడకి నలభై ఉంటాయి. గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతున్నవాళ్లంతా మీసాలు సరిగ్గా రాని పిల్లలు.

"స్టూడెంట్‌నే. ఎమ్మెస్సీ. ఏం, చదువుకోకూడదా? మీరేం చదివారేంటి?"

నిచ్చెన మీదున్నవాడికి పొగరు కాస్త ఎక్కువే ఉంటుంది.

"తొమ్మిది. అదీ తప్పాను. చాలా, ఇంకా కిందికి దిగాలా?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నిజంగా? వయసెంత?"

"నలభై నాలుగు."

"ఫోన్‌లో యాప్‌లు వాడతారా?"

"మోగితే ఎత్తుతాను. అంతే."

"అబ్బ! మీరు నాకు కావాలి!"

నిచ్చెన ఊగింది. దాని మీదున్నవాడు ఇంకా ఊగాడు.

తరవాత తెలిసింది. పెద్దగా చదువుకోనివాళ్లు ఆస్పత్రిలో డాక్టర్ టైమ్ బుక్ చేసుకునే యాప్ ఆవిడ ప్రాజెక్ట్. అలాంటివాళ్లు అయిదుగురి చేతికి ఇచ్చి, ఒకరి సాయం లేకుండా వాళ్లు బుక్ చేయగలిగేదాకా దిద్దుతూ పోవాలి. వాళ్లని యూజర్లంటారు. నలుగురు దొరికారు. క్యాంపస్‌లో అయిదో తెలివితక్కువవాడు దొరకడం కష్టమైపోయింది. అర్హత చూసి నన్నెవరైనా రమ్మన్నారంటే జీవితం మొత్తం మీద అదొక్కసారే.

మర్నాడు చిన్న గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద ఫోన్, దాని మీదికి వంగి చూస్తున్న చిన్న కెమెరా.

"రూల్ ఒక్కటే. మీ మనసులో ఏమనిపిస్తే అది పైకి అనేస్తూ ఉండాలి. నేను సాయం చేయకూడదు. నవ్వకూడదు. మీరు ఆగిపోతే 'ఇంకా ఏమనుకుంటున్నారు?' అని మాత్రం అడుగుతాను."

"ఏమనిపించినా అనాలా?"

"ఏమనిపించినా."

మొదలుపెట్టాను. "పచ్చ బటన్ నొక్కుతున్నాను... బొమ్మలొచ్చాయి. ఇది కడుపు. నాకు గ్యాస్ ఉంది, నొక్కుతున్నాను. మీ కళ్లజోడు కాడకి ప్లాస్టర్ వేశారెందుకు?"

"ఇంకా ఏమనుకుంటున్నారు?"

"కొత్తది కొనుక్కోవచ్చు కదా అనుకుంటున్నాను. టైమ్ అడుగుతోంది. పది గంటలు. సరే. అయిపోయింది!"

తీరా చూస్తే నాకు కాన్పుల డాక్టర్ దగ్గర టైమ్ దొరికింది.

ఆవిడ పెదవి కొరుక్కుంది. కళ్లజోడు తీసి అనవసరంగా తుడుచుకుంది. రూల్ రూలే.

"ఏమనుకోకండి మేడమ్, నా బుర్ర ఇంతే," అన్నాను.

"తప్పు మీది కాదండీ. యాప్‌ది. బొమ్మ అలా వేస్తే ఎవరైనా అలాగే నొక్కుతారు. యూజర్‌ది తప్పు అనడానికి వీల్లేదు, మా మొదటి పాఠమే అది."

నేను నోరు వెళ్లబెట్టాను. మా మాస్టారు, మా షాపు ఓనరు, మా అక్క, ఎవరూ ఏనాడూ నాతో అనని మాట. అదేం చదువో గానీ, అది చదివినవాళ్లే మా బళ్లో మాస్టార్లయి ఉంటే నేను పది దాటేవాణ్ణి.

ఆ మాటకే పడిపోయాను. ఈ వయసులో పడితే లేవడం కష్టం.

వారం తరవాత బొమ్మలు మార్చి మళ్లీ పిలిచింది. ఈసారి కడుపుకి కడుపు బొమ్మే ఉంది, కాన్పుకి పసిబిడ్డ బొమ్మ ఉంది. మా వీధి కుక్క కూడా బుక్ చేయగలదు. వేలు సరైన బటన్ దాకా వెళ్లింది. అప్పుడు వెలిగింది నా బుర్ర: ఇది నొక్కితే పని అయిపోతుంది. పని అయిపోతే నన్ను మళ్లీ పిలవరు.

పక్క బటన్ నొక్కాను. పళ్ల డాక్టర్ దగ్గర తేలాను.

"తప్పు మీది కాదండీ," అంది ఆవిడ. హాయిగా ఉంది.

అలా ఇంకో వారం. మరో వారం. నిజాయితీగా తప్పినప్పుడు బడిలోంచి పంపేశారు. కావాలని తప్పుతుంటే టీ ఇచ్చి కూర్చోబెడుతున్నారు. మధ్యలో కబుర్లు కూడా. పెళ్లయిందనీ, విడిపోయి ఆరేళ్లయిందనీ, క్లాసులో పిల్లలు 'ఆంటీ' అంటారనీ చెప్పింది. నాకెందుకు కాలేదని అడిగింది. "యూజర్లెవరూ ముందుకు రాలేదు," అన్నాను. అప్పుడు మాత్రం రూల్ పక్కన పెట్టి నవ్వింది.

ఇంటికెళ్లి అన్నం దగ్గర అక్కకి ఆ నవ్వు గురించి చెప్పాను. "ముద్ద చల్లారిపోతోంది, తిను," అంది అక్క.

ఆ తరవాతి వారం గదిలోకి వెళ్లేసరికి ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గైడ్ సార్ చెప్పేశారు. శుక్రవారంలోపు అయిదుగురూ పాసవ్వకపోతే వైవాకి కూర్చోనివ్వరట. ఏడాది పోతుంది. మిగతా నలుగురికీ ఎప్పుడో వచ్చేసింది. మీ ఒక్కరికే రావట్లేదు. ఎన్నిసార్లు మార్చినా రావట్లేదంటే... నాకే చేతకాదేమోనండీ. ఈ వయసులో ఎందుకొచ్చానో ఇక్కడికి."

"మేడమ్, అది కాదు..." అంటూ నీళ్లు నమిలాను.

"మీరు ఎక్కడ తికమక పడుతున్నారో చూద్దామని పాత వీడియోలు పెట్టాను. మీరే చూడండి."

తెర మీద నా వేలు. నల్లటి గోరుతో, గొప్ప నటుడిలా. నేరుగా సరైన బటన్ మీదికి వెళ్లింది. ఆగింది. ఆలోచించింది. పక్కకి జరిగింది. ఆవిడ ఇంకో వీడియో పెట్టింది. అందులోనూ అంతే.

ఆవిడ నా మొహం చూసింది. ఎర్రబడిన కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి.

"మీ వేలికి సరైన బటన్ తెలుసు. కావాలనేనా?"

"వచ్చేసిందంటే మళ్లీ పిలవరని..."

"నేను ఇంటికెళ్లి ఏడ్చానండీ మీ వేలు వల్ల! నాకు చేతకాదని రాత్రంతా..." ఆగిపోయింది. "మీ వీడియోలన్నీ తీసేయాలి. అవి అబద్ధాలు. ఇప్పుడు నాకు మనిషి తక్కువ. వెళ్లండి."

వెళ్లాను. ఈసారి తప్పు నాదేనని చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

ఇల్లు చేరాక బుర్ర పనిచేసింది. మా అక్క అయిదుతో ఆపేసింది. బట్టలు కుట్టే మిషన్ తప్ప ఇంకోటి ముట్టుకోదు. మా ఇంట్లో అక్కకంటే తక్కువ చదివింది పిల్లి ఒక్కటే.

"అక్కా, రేపు నాతో యూనివర్సిటీకి రావాలి."

"దేనికిరా? నీకు మళ్లీ బళ్లో సీటిప్పించడానికా?"

మర్నాడు పొద్దున్నే ఒకటే వాన. ఒక గొడుగులో ఇద్దరం తడుస్తూ వెళ్లాం. మేడమ్ నా వైపు చూడలేదు. అక్కకి తువ్వాలు ఇచ్చి, కూర్చోబెట్టి, రూల్ చెప్పింది. నన్ను బయట నిలబడమంది. ఏసీ పనిచేయట్లేదని తలుపు తెరిచే ఉంచింది. బాగుచేయాల్సినవాణ్ణి నేనే.

అక్క మొదలుపెట్టింది. మనసులో ఉన్నది పైకి అనడం ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు.

"ఇది మోకాలు. నాకు మోకాళ్ల నొప్పి. నొక్కాను. డాక్టర్ పేరు చూపిస్తోంది. మంగళవారం. సరే. అమ్మాయ్, ఇంత తేలికైనదాన్నా మావాడు ఇన్ని వారాలు తప్పాడు? వాడు వెధవని నాకు తెలుసు గానీ, అంత వెధవ కాదు."

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. అక్క ఆగలేదు.

"నెల రోజులుగా అన్నం దగ్గర నీ కబుర్లే. కళ్లజోడు ఇలా, నవ్వు అలా. మా వాడు ఒక విషయం గురించి నెలరోజులు మాట్లాడటం నేను చూళ్లేదు. ఉద్యోగాలే అన్నాళ్లు ఉంచుకోడు. ఇదిగో, అయిపోయింది. టిక్కు మార్కు వచ్చింది."

పరీక్ష ముగిసింది. ఆవిడ కెమెరా ఆపేసిన చప్పుడు వినిపించింది. కుర్చీ మాత్రం కదల్లేదు.

"ఇంకా ఏమనుకుంటున్నారు?" అంది ఆవిడ.

అక్క అనుకున్నవన్నీ అంది. నేను వినలేక వరండా చివరికి పోయి వానలో సగం తడుస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"యాప్ పాసైంది."

"సంతోషమండీ."

"మీమీద కోపం పోలేదు."

"పోనక్కర్లేదండీ. ఉండనివ్వండి."

వాన వైపు చూస్తూ అంది. "శుక్రవారం వైవా. మా క్లాసు పిల్లలకి అమ్మానాన్నలొచ్చి బయట కూర్చుంటారు. నాకెవరూ లేరు."

"నేను కూర్చుంటాను."

"ఏసీ చూడ్డానికి వచ్చినట్టు కాదు. నాకోసం వచ్చినట్టు."

శుక్రవారం అక్క ఇస్త్రీ చేసిన చొక్కాలో, ఆ అమ్మానాన్నల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. గైడ్ సార్ లోపలికి వెళ్తూ ఆగాడు.

"ఏమయ్యా, ఏసీ పాడైంది ఆ పక్క ల్యాబ్‌లో. ఇక్కడ కూర్చున్నావేం?"

లేచి నిలబడ్డాను. వరండా అంతా వినబడేలా చెప్పాను.

"ఏసీ కోసం కాదు సార్. నేను లోపలున్నావిడ తాలూకు."