పంచదార లేని ఇల్లు

ఆ ఉదయం కూడా కూతురు తండ్రి ముందు ఉడికించిన ఆకుకూర, రెండు గుడ్లు పెట్టింది. జీవితమంతా బట్టీ ముందు నిలబడి ఊరందరికీ రొట్టెలు కాల్చిన మనిషి ఆయన. పళ్లెంకేసి చూసి, "నన్ను మేకల మందలో కలిపేశావా తల్లీ?" అన్నాడు.

"జోకులు చాలు, తిను నాన్నా."

తల్లి షుగరుతోనే పోయింది. ఏడాది తిరక్కుండా తండ్రికీ అదే బయటపడింది. ఆ రోజే కూతురు ఇంట్లో ఉన్న పంచదార, పిండి, పప్పులు, పళ్లు పక్కవాళ్లకు పంచేసింది. మాత్రలు మాత్రం వేళ తప్పనివ్వలేదు. ఆయన రోజురోజుకీ చిక్కిపోతుంటే జబ్బు లొంగుతోందనుకుని మురిసిపోయింది.

నీళ్లబిందెతో వచ్చేసరికి పెరటి గుమ్మం దగ్గర తండ్రి దవడ కదులుతూ కనిపించింది.

"ఏంటది నోట్లో?"

"రొట్టెముక్కే... పక్కింటి నర్సమ్మ ఇంట్లోది. నమిలేకొద్దీ తియ్యగా అవుతుందే. ఆ కాస్త తీపీ..."

"ఆ తీపే అమ్మని మింగేసింది! ఉమ్మెయ్!"

అరచెయ్యి చాపింది. ఆయన చంటిపిల్లాడిలా అందులో ఉమ్మేశాడు. మళ్లీ తల ఎత్తలేదు.

కాసేపటికి దబ్బుమని చప్పుడు. పరుగెత్తి చూస్తే తండ్రి గోడవారన కూలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. కూతుర్ని చూసి, చచ్చిపోయిన భార్య అనుకున్నాడు.

"రొట్టెలు మాడిపోతున్నాయి, చూడవే..."

కూతురు పెట్టిన కేక విని నర్సమ్మ పరుగున వచ్చింది. "షుగరు పడిపోయింది! పంచదార నీళ్లు తే!"

కూతురు డబ్బాలన్నీ బోర్లించింది. ఒక్క పలుకు రాలలేదు. చెప్పుల్లేకుండా నర్సమ్మ వంటింట్లోకి ఉరికి, పంచదార డబ్బా ఎత్తుకొచ్చింది.

నీళ్లలో కలిపి తాగిస్తుంటే గుక్కగుక్కకూ ఆయన చూపు నిలబడసాగింది.

"మాత్ర వేసి తిండి ఆపేస్తే మరేమవుతుంది?" అని కసిరింది నర్సమ్మ. "తీపీ తెల్లపిండీ తగ్గించమన్నారు గానీ, ముతకపిండి రొట్టె, పప్పుగింజలు మానెయ్యమన్నారా? అవి నెమ్మదిగా అరిగి ఒంటికి సత్తువిస్తాయి. పొయ్యిలో కట్టెలాంటివమ్మా. ఎక్కువైతే ఇల్లంటుకుంటుంది, అసలు లేకపోతే పొయ్యే ఆరిపోతుంది. పద, ఏది ఎంత పెట్టాలో డాక్టరుగారినే అడుగుదాం."

కూతురు తండ్రి పక్కన చతికిలబడింది. "నీరసంగా ఉందని ఒక్కమాట చెప్పలేకపోయావా నాన్నా?"

"మీ అమ్మ పోయాక నువ్వు నవ్వింది ఒక్కసారే తల్లీ. నేను సన్నబడ్డానని. ఆ నవ్వు ఎలా చెరపను?"

ఆమె తండ్రి మోకాళ్లలో ముఖం దాచుకుంది. వణుకు ఇంకా తగ్గని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె తల మీద ఆగింది.