నెట్‌వర్క్‌లో ఓదెలు పేరు

భానూర్ దాటాక ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక పాత స్టోరు గది మాటెత్తితే నైట్ డ్యూటీ వాళ్లు మాట మార్చేస్తారు. స్టోర్‌కీపర్ ఓదెలు అక్కడే, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి గదికి గొళ్లెమే. కానీ కొన్ని రాత్రులు... మిగతా కంప్యూటర్లలో నెట్‌వర్క్ తెరిస్తే, ఆ గదిలోని కంప్యూటర్‌కు పెట్టిన ఓదెలు పేరు కనిపించేది.

ఆ పేరు మీద ఎవరూ నొక్కరు. సేఫ్టీ రూల్స్ గాలికి వదిలేసే మహానుభావులు కూడా దీన్ని మాత్రం గట్టిగా పాటించేవాళ్లు.

ఇది అక్కడే నైట్ డ్యూటీ చేసే నా రూమ్మేట్ నరేష్ చెప్పిన సంగతి.

ఒక రాత్రి అతను ల్యాబ్ రిపోర్టుల షేర్డ్ ఫోల్డర్ కోసం నెట్‌వర్క్ తెరిచాడు. ఉంది... ఓదెలు పేరు. ఏం మొండితనమో, రెండుసార్లు నొక్కాడు. పాస్‌వర్డ్ కూడా అడగకుండా తెరుచుకుంది.

లోపల ఒకటే కొత్త ఫోల్డర్. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మన మాటల్లో — "తలుపు తియ్యుండ్రి".

చూస్తుండగానే కింద ఇంకోటి వచ్చింది — "ఊపిరి ఆడ్తలేదు".

నరేష్ రౌండ్‌కి వచ్చిన వాచ్‌మన్ యాదగిరికి చూపించాడు.

"బంద్ జెయ్యి బిడ్డా..." గుసగుసగా అన్నాడు ముసలాయన. "పొద్దుగూకంగ గా తలుపు తెరిసి ఉండె. లోపలికి సూడకుంటనే గొళ్లెం వెట్టొచ్చిన."

మూడోది వచ్చింది — "నేను ఓదెలు గాదు. చంద్రికను".

చంద్రిక పగటి డ్యూటీలో ల్యాబ్ అమ్మాయి. ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. ఫోన్ చేద్దామంటే అందరి ఫోన్లూ గేటు దగ్గరే పెట్టాలి... గేటుకు దారి ఆ గది ముందు నుంచే.

"గట్లనే పేరు మార్చి పిలుస్తడు. పోకు," అన్నాడు యాదగిరి.

నరేష్ కంప్యూటర్ ఆపేశాడు.

తెల్లారి చంద్రిక వాళ్లన్నయ్య గేటు దగ్గరికొచ్చి, "మా చెల్లె రాత్రి ఇంటికి రాలే" అన్నాడు. ఆమె ఫోన్ ఇంకా గేటు పెట్టెలోనే ఉంది.

గొళ్లెం తీశారు. సాల్వెంట్ డ్రమ్ము కారి గదంతా ఊపిరాడని రసాయనపు ఘాటు. అక్కడ అరిచినా పక్కనున్న కంప్రెసర్ మోతలో వినపడదు. పాత శాంపిల్ కోసం వెళ్లిన చంద్రిక కీబోర్డు మీద తల వాల్చి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ తనంతట తానే ఆన్ అవుతుందట. ఇన్నాళ్లూ దెయ్యం అనుకున్నది దాన్నే.

స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. మూడు ఫోల్డర్ల కింద, నరేష్ చూడని నాలుగోది...

"నరేషన్నా డ్యూటీల నువ్వే గద, జెర సూడు".