బెదిరిన నాలుక

మొదటి ట్రిప్పు ముగించుకుని టిఫినుకు వచ్చిన బస్సు డ్రైవరు ముందు అతని భార్య పళ్లెం పెట్టింది. అందులో ఉడికించిన బంగాళాదుంప, దానికి తోడు మరో ఉడికించిన బంగాళాదుంప.

ఆమె దర్జీ. కిందటేడు ఒక విందులో మిఠాయి కొరికిందో లేదో, పెదవులు దిళ్లలా ఉబ్బి, ఊపిరాడక ఆస్పత్రి పాలైంది. ప్రాణం దక్కింది గానీ, అప్పట్నుంచీ తిండంటేనే హడల్. వేరుశెనగ, గుడ్డు, పాలు, పుట్టగొడుగులు ఒక్కొక్కటే ఇల్లు ఖాళీ చేశాయి. ఏది పడదో పరీక్ష చేయించుకోమంటే, "ఆ పరీక్షతోనే చంపేస్తారు!" అనేది.

ఇంత పథ్యంలోనూ మొగుడి చొక్కాలు మాత్రం బిగుతవుతున్నాయి. ఆ ఉదయం కొలత తీద్దామని టేపు చుట్టబోయి, అతని మీసం మీది తెల్లటి మరక దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి?"

"దుమ్మే... బస్సు దుమ్ము."

"బస్సు దుమ్ముకి వెనిల్లా వాసనేంటండీ?"

"అదేంటి నాన్నా, ఇవాళ చాక్లెట్ కేకు కాదా?" మందుల షాపులో పనిచేసే కూతురు నోరు జారింది.

"ఓహో! తండ్రీకూతుళ్లు దొందూ దొందే!" టేపు విసిరికొట్టింది దర్జీ. "ఎవరికేమవుతుందోనని నేనిక్కడ చస్తుంటే..."

"పడనిది నీకమ్మా, మాకు కాదు! ఇవాళ ఆస్పత్రికి రాకపోతే నాన్నకి రోజూ నేనే కేకు కొనిపెడతా."

ఆ బెదిరింపు పారింది.

డాక్టరమ్మ ఆమె చేతి మీద రకరకాల తిండి పదార్థాల రసాల చుక్కలు వేసి, సూదితో సుతారంగా గుచ్చి చూసింది. ఒక్కచోటే దద్దురు లేచింది.

"మీకు పడనిది జీడిపప్పొక్కటే. అది మానేయండి, పొరపాటున తింటే వేసుకోవడానికి ఈ ఇంజెక్షన్ ఎప్పుడూ దగ్గరుంచుకోండి. ఇదివరకు తిన్న మిగతావన్నీ తినొచ్చు."

సంతోషించాల్సింది పోయి దర్జీ భోరుమంది. "మరి గుడ్డు చూసినా గుండె దడదడలాడుతుందేం? గొంతు బిగుసుకుపోతుందేం?"

"అది భయమమ్మా. చావు గడప దాకా వెళ్లొచ్చారు కదా. దానికీ వైద్యముంది. పక్కగదిలో కౌన్సెలర్ ఉన్నారు."

"అంటే నాకు పిచ్చంటారా?"

 వెంట వచ్చిన డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"నేనూ వస్తాలేవే. నువ్వు నిద్రపోయాక రోజూ నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నా, ఊపిరాడుతోందా లేదా అని. తర్వాత నిద్ర పట్టదు. పొద్దున్నే ఇంత కేకు పడితే గానీ స్థిమితంగా ఉండదు."

దర్జీ అతని వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఆ భయం తనొక్కదానిదే అనుకుంది. పక్కనే మరో మనిషి ఊపిరి బిగబట్టుకుని పడుకుంటున్నాడని ఆమెకేం తెలుసు?

"ముక్కు దగ్గర వేలా?" అంది ఏడుపూ నవ్వూ కలగలిసిపోతుంటే. "నేను తుమ్మితే?"

"తుమ్మావు ఒకసారి. ఆ రాత్రే హాయిగా నిద్రపోయా."

పక్కగది తలుపు తెరుచుకుంది. "ముందు ఎవరండీ?" అన్నారు కౌన్సెలర్.

"ముందు ఈయన్ని చూడండి, ముదిరింది ఈయనకే!" అంటూ దర్జీ కళ్లు తుడుచుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని తనే ముందు లోపలికి నడిచింది.